బార్‌కోడ్ స్కాన్ చేయగానే బిల్లు సేవ్ అయిపోతోంది, టెక్స్ట్‌బాక్స్‌లో ఎంటర్‌కు కీడౌన్ రావడం లేదు

బేగంబజార్_బిల్లు

అందరికీ నమస్తే. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా కౌంటర్ కోసం బిల్లింగ్ స్క్రీన్ రాస్తున్నాను. డాట్‌నెట్ 8, విన్‌ఫామ్స్ (విండోస్ స్క్రీన్లు కట్టే మైక్రోసాఫ్ట్ లైబ్రరీ), సీషార్ప్. పైన బార్‌కోడ్ టెక్స్ట్‌బాక్స్, దాని పక్కన ఖాతాదారు పేరు, ఊరు, మధ్యలో సరుకుల డేటాగ్రిడ్‌వ్యూ, కింద సేవ్ బటన్. కౌంటర్‌లో ఉండేవాళ్లు మౌస్ ముట్టరు, అంతా కీబోర్డు మీదే నడవాలి.

స్కానర్ కోడు పంపి చివర ఎంటర్ కొడుతుంది. ఆ ఎంటర్‌ను బార్‌కోడ్ బాక్స్ కీడౌన్‌లో (కీ నొక్కగానే వచ్చే ఈవెంట్) పట్టుకుని సరుకును గ్రిడ్‌లో వేద్దామనుకున్నాను. కీడౌన్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే అంకెలకు ఆగుతోంది, ఎంటర్‌కు మాత్రం ఆగడం లేదు. సరుకు గ్రిడ్‌లోకి రాకముందే బిల్లు సేవ్ అయిపోతోంది. ఫామ్‌కు కీప్రివ్యూ (కీలను ముందు ఫామ్‌కు చూపించే సెట్టింగ్) ట్రూ పెట్టి చూశాను, తేడా లేదు.

గ్రిడ్‌లో పరిమాణం కొట్టి ఎంటర్ నొక్కితే పక్క గడికి కాకుండా కింద వరసకు పోతోంది. గ్రిడ్ కీడౌన్‌లో రాసిన కోడ్ గడిలో టైప్ చేస్తున్నప్పుడు అసలు పిలవబడటం లేదు.

ఇంకొకటి వింతగా ఉంది. ఊరి పేరులో అక్షరాలు తప్ప వేరేవి రాకూడదని కీప్రెస్‌లో (అక్షరం పడేటప్పుడు వచ్చే ఈవెంట్) చార్ ఈజ్‌లెటర్ (అక్షరమా కాదా చెప్పే ఫంక్షన్) చూసి మిగతావి ఆపేస్తున్నాను. ఇంగ్లిష్‌లో బాగానే ఉంది. తెలుగులో "బాలానగర్" అని కొడితే "బలనగర" అని పడుతోంది. ఫాంట్ సమస్యా?

అప్పుడప్పుడు స్కాన్ చేసిన కోడులో తెలుగు అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. అది స్కానర్ లోపమో నా కోడ్ లోపమో తేలడం లేదు.

కీకోడ్_13

ఫామ్ ప్రాపర్టీల్లో యాక్సెప్ట్‌బటన్ (ఎంటర్ కొడితే ఫామ్ తనే నొక్కే బటన్) దగ్గర సేవ్ బటన్ పెట్టి ఉంటారు. మొదటి సమస్యకు అదే మూలం.

విన్‌ఫామ్స్‌లో ఒక కీ నొక్కితే అది తిన్నగా కీడౌన్‌కు రాదు, మధ్యలో చాలా గుమ్మాలు దాటాలి. ముందు ఫోకస్ ఉన్న కంట్రోల్‌కు (టెక్స్ట్‌బాక్స్, గ్రిడ్ లాంటి స్క్రీన్ భాగానికి) ప్రివ్యూకీడౌన్. తర్వాత ప్రాసెస్‌సీఎండీకీ: ఇది ఆ కంట్రోల్ నుంచి మొదలై తల్లి కంట్రోల్, దాని తల్లి అంటూ ఫామ్ దాకా ఎక్కుతుంది, మెనూ షార్ట్‌కట్లు ఇక్కడే తేలతాయి. ఆపైన ఈజ్‌ఇన్‌పుట్‌కీ: "ఈ కీ నాకు కావాలి" అని కంట్రోల్ చెప్పే చోటు. అది ఫాల్స్ ఇస్తే ప్రాసెస్‌డైలాగ్‌కీ: ట్యాబ్, బాణం కీలు, ఎంటర్, ఎస్కేప్ లాంటివాటిని ఫామ్ తన పనికి వాడుకునేది ఇక్కడ. ఇవేవీ మింగకపోతేనే కీ కంట్రోల్ దాకా వస్తుంది. ఫామ్ కీప్రివ్యూ పనిచేసేది ఆ చివరి మెట్టు మీద, కంట్రోల్ కీడౌన్‌కు ఒక్క అడుగు ముందు.

ఒంటి వరస టెక్స్ట్‌బాక్స్ ఎంటర్‌కు ఈజ్‌ఇన్‌పుట్‌కీలో ఫాల్స్ ఇస్తుంది. అప్పుడు ఫామ్ ప్రాసెస్‌డైలాగ్‌కీ చూసి, యాక్సెప్ట్‌బటన్ ఉంటే దాన్ని నొక్కేసి ట్రూ ఇచ్చేస్తుంది. కథ అక్కడే ముగిసింది. కీప్రివ్యూ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. యాక్సెప్ట్‌బటన్ తీసేస్తే మీ కీడౌన్ దానంతటదే వస్తుంది.

నన్నడిగితే బిల్లింగ్ స్క్రీన్ మీద యాక్సెప్ట్‌బటన్ ఉండనే కూడదు. ఎంటర్ అంటే ఇక్కడ "తర్వాతి గడి" అని అర్థం, "సేవ్" అని కాదు. లాగిన్ డైలాగ్‌లో పెట్టుకోండి, అక్కడ అందంగా ఉంటుంది. తీసేయడం కుదరదంటే టెక్స్ట్‌బాక్స్ నుంచి ఒక చిన్న క్లాస్ తీసి ఈజ్‌ఇన్‌పుట్‌కీని ఓవర్‌రైడ్ చేయండి (అదే పేరుతో మీ సొంతది రాయండి): కీ ఎంటర్ అయితే ట్రూ, లేకపోతే బేస్‌ది. ప్రివ్యూకీడౌన్ ఈవెంట్‌లో ఈజ్‌ఇన్‌పుట్‌కీ ట్రూ పెట్టినా సరిపోతుంది గానీ అలా పెట్టిన కీకి ప్రాసెస్‌సీఎండీకీ కూడా పిలవబడదు. అంటే ఆ కీ మీద మెనూ షార్ట్‌కట్ ఉంటే అదీ పోతుంది. ఎంటర్‌కు నష్టం లేదు. అన్ని కీలకూ గుడ్డిగా ట్రూ పెట్టేస్తే మాత్రం ఎఫ్ కీలన్నీ చచ్చిపోయాయని మళ్లీ ఇక్కడికే వస్తారు.

గ్రిడ్ సంగతి. గడి ఎడిట్‌లో ఉన్నప్పుడు ఫోకస్ గ్రిడ్ దగ్గర ఉండదు, లోపల పుట్టిన ఎడిటింగ్ టెక్స్ట్‌బాక్స్ దగ్గర ఉంటుంది. అందుకే గ్రిడ్ కీడౌన్ రాదు. డేటాగ్రిడ్‌వ్యూ నుంచి క్లాస్ తీసి రెండు మెథడ్లు ఓవర్‌రైడ్ చేయాలి: ఎడిట్‌లో ఉన్నప్పటికి ప్రాసెస్‌డైలాగ్‌కీ, లేనప్పటికి ప్రాసెస్‌డేటాగ్రిడ్‌వ్యూకీ. రెండింటిలోనూ ఎంటర్ వస్తే ప్రాసెస్‌ట్యాబ్‌కీకి ట్యాబ్ కీ ఇచ్చి దాని ఫలితాన్నే తిరిగి ఇవ్వండి. ప్రాసెస్‌రైట్‌కీ వాడే ఉదాహరణలు చాలాచోట్ల కనిపిస్తాయి, అది చివరి నిలువు వరసలో ఆగిపోతుంది. ట్యాబ్ దారి అయితే తర్వాతి వరస మొదటి గడికి దిగుతుంది. రీడ్‌ఓన్లీ గడుల మీద కూడా ఆగుతుంది కాబట్టి, ధర, మొత్తం లాంటి గడులు దాటే దాకా ఒక లూప్ తిప్పండి.

సెల్‌ఎండ్‌ఎడిట్ ఈవెంట్‌లో కరెంట్‌సెల్ మార్చి ఈ పని కానిద్దామనుకోవద్దు. సెట్‌కరెంట్‌సెల్‌అడ్రస్‌కోర్ లోకి మళ్లీ ప్రవేశించారంటూ ఇన్‌వ్యాలిడ్‌ఆపరేషన్ ఎక్సెప్షన్ పడుతుంది. తప్పనిసరి అయితే ఆ ఒక్క లైను బిగిన్‌ఇన్‌వోక్‌లో (ఇప్పటి పని ముగిశాక నడిపేది) పెట్టాలి.

గడిలో అంకెలే రావాలంటే ఎడిటింగ్‌కంట్రోల్‌షోయింగ్‌లో కీప్రెస్ తగిలించాలి. తగిలించే ముందు అదే హ్యాండ్లర్‌ను మైనస్ ఈక్వల్‌తో ఒకసారి విప్పండి. గ్రిడ్ ఒకే ఎడిటింగ్ కంట్రోల్‌ను మళ్లీ మళ్లీ వాడుతుంది. విప్పకపోతే పది గడులు తిరిగేసరికి ఒక్క నొక్కుకు మీ హ్యాండ్లర్ పదిసార్లు నడుస్తుంది.

గుణింతం

"బలనగర"కు ఫాంట్‌తో పని లేదు. చార్ ఈజ్‌లెటర్‌కు హల్లులూ అచ్చులే అక్షరాలు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్‌లో మార్క్ వర్గం కింద ఉంటాయి, వాటికి ఫాల్స్ వస్తుంది. బాలానగర్‌లో బ, ల, న, గ, ర మిగిలాయి. రెండు దీర్ఘాలు, పొల్లు ఎగిరిపోయాయి. "కూకట్‌పల్లి" కొట్టి చూడండి, "కకటపలల" అవుతుంది.

ఫిల్టర్ ఉంచాలంటే చార్ గెట్‌యూనికోడ్‌క్యాటగరీ పిలిచి, అక్షరాలతో పాటు నాన్‌స్పేసింగ్‌మార్క్, స్పేసింగ్‌కంబైనింగ్‌మార్క్ రెండింటినీ వదలండి. తెలుగులో దీర్ఘం మొదటి వర్గం, ఉకారపు కొమ్ము, సున్న రెండో వర్గం; ఒక్కటే చేరిస్తే సగం పేర్లే బాగుపడతాయి. కూకట్‌పల్లిలో "ట్" తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ ఒకటి ఉంటుంది, సంఖ్య 200సీ. అది ఫార్మాట్ వర్గం. దాన్నీ పేరు పెట్టి వదలాలి, లేకపోతే ట కింద ప వత్తు చేరిపోతుంది.

అంకెల ఫిల్టర్‌లో ఇదే గొయ్యి తిరగబడి ఉంటుంది. చార్ ఈజ్‌డిజిట్ "౩"కు కూడా ట్రూ ఇస్తుంది, ఎందుకంటే తెలుగు అంకెలు కూడా అంకెలే. గడిలోకి హాయిగా దిగిన "౩౦"ను డెసిమల్ పార్స్ ఒప్పుకోదు, ఫార్మాట్ ఎక్సెప్షన్ విసురుతుంది. డాట్‌నెట్ 7 నుంచి ఈజ్‌ఆస్కీడిజిట్ ఉంది, మీరు 8లో ఉన్నారు కాబట్టి అదే వాడండి. తెలుగు అంకెలు కూడా తీసుకోవాలనుంటే చార్‌యూనికోడ్‌ఇన్ఫోలో గెట్‌డెసిమల్‌డిజిట్‌వాల్యూ ఒక్కో అంకెనూ 0 నుంచి 9 లోకి మారుస్తుంది.

ఊరి పేరు బాక్స్‌కు మ్యాక్స్‌లెంగ్త్ పెట్టారా? అది కంటికి కనబడే అక్షరాలు లెక్కపెట్టదు, కోడ్ యూనిట్లు (లోపల దాచే ముక్కలు; గుణింతపు గుర్తు, పొల్లు కూడా ఒక్కోటి) లెక్కపెడుతుంది. కూకట్‌పల్లి చూపుకు ఐదే: కూ, క, ట్, ప, ల్లి. లోపల 11. మ్యాక్స్‌లెంగ్త్ 10 పెడితే చివరి గుడి దిగదు, "కూకట్‌పల్ల" దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లిష్‌కు 30 సరిపోయే చోట తెలుగుకు కనీసం 60 ఇవ్వండి, డేటాబేస్ కాలమ్‌లో కూడా.

ఒక సలహా: పేర్లకు కీప్రెస్ ఫిల్టర్ అసలు పెట్టకండి. కుడి క్లిక్ మెనూ నుంచి పేస్ట్ చేస్తే కీప్రెస్ రానే రాదు. కంట్రోల్ వి కొడితే వస్తుంది గానీ అక్షరంగా కాదు, కంట్రోల్ అక్షరం 22గా వస్తుంది. కాబట్టి తలుపు దగ్గర కాపలా పెట్టినా కిటికీ తెరిచే ఉంటుంది. బాక్స్ వదిలేటప్పుడు వచ్చే వ్యాలిడేటింగ్ ఈవెంట్‌లో మొత్తం పాఠాన్ని ఒక్కసారి చూడటం నయం.

సీటీసీ_స్కానర్

అన్నా, స్కానర్ ఖరాబ్ కాలేదు. యూఎస్‌బీ కీబోర్డ్ మోడ్‌ల ఉన్న స్కానర్ కంప్యూటర్‌కు ఇంకో కీబోర్డే. అది అక్షరాలు పంపదు, కీలు పంపుతది. ఏ కీకి ఏ అక్షరం అనేది విండోస్‌ల అప్పుడు ఏ భాష ఆన్ ఉందో దాన్ని బట్టి పడ్తది. ఖాతాదారు పేరు తెలుగుల కొట్టి భాష మార్చకుండ స్కాన్ చేస్తే, బ్యాచ్ నంబర్ల ఇంగ్లిష్ పెద్ద హెచ్ ఉంటే "ఫ" పడ్తది, పెద్ద కె ఉంటే "ఖ" పడ్తది. ఇన్‌స్క్రిప్ట్ (విండోస్‌ల తెలుగు కీబోర్డు) లేఅవుట్‌ల ఆ కీల మీద షిఫ్ట్‌తోని ఉన్నవి గవే. అంకెల బార్‌కోడ్‌లు బాగుండి, అక్షరాలున్నవి మాత్రమే ఖరాబ్ అయితున్నయా చూడు. అయితే ఇదే.

సులువు దారి: బార్‌కోడ్ బాక్స్ ఎంటర్ ఈవెంట్‌ల (ఎంటర్ కీ కాదు, బాక్స్‌లకు ఫోకస్ వచ్చినప్పుడు పడేది) ఇన్‌పుట్‌లాంగ్వేజ్ కరెంట్‌ను దాచిపెట్టుకొని ఇంగ్లిష్‌కు మార్చాలె, లీవ్ ఈవెంట్‌ల పాతది వెనక్కి పెట్టాలె. ఫ్రమ్‌కల్చర్‌తోని తీసుకుంటే ఆ భాష ఆ మెషీన్‌ల లేకుంటే నల్ వస్తది. ఇంగ్లిష్ ఇండియా వేరు, ఇంగ్లిష్ అమెరికా వేరు. ఇన్‌స్టాల్ అయిన లిస్ట్ తిప్పి ఏ ఇంగ్లిష్ దొరికితే అది తీసుకో.

గట్టి దారి: స్కానర్ మాన్యువల్‌ల యూఎస్‌బీ వర్చువల్ కామ్ (కీబోర్డు లెక్క కాకుండ సీరియల్ పోర్ట్ లెక్క పనిచేసే మోడ్) అని ఒక బార్‌కోడ్ ఉంటది, దాన్ని స్కాన్ చేస్తే మోడ్ మారుతది. అప్పుడు సీరియల్‌పోర్ట్‌తోని చదువుకోవచ్చు. ఫోకస్ ఏ బాక్స్‌ల ఉన్నా, ఏ భాష ఆన్ ఉన్నా, క్యాప్స్ లాక్ పడి ఉన్నా ఫరక్ పడదు. రెండు జాగ్రత్తలు. సీరియల్‌పోర్ట్ న్యూలైన్ మామూలుగ లైన్ ఫీడ్ ఉంటది, నీ స్కానర్ క్యారేజ్ రిటర్న్ పంపుతుంటే రీడ్‌లైన్ అట్లనే కూసుంటది. న్యూలైన్‌ను క్యారేజ్ రిటర్న్‌కు మార్చు. డేటారిసీవ్డ్ ఈవెంట్ యూఐ థ్రెడ్ (స్క్రీన్‌ను నడిపేది) మీద రాదు, గ్రిడ్‌ను ముట్టే ముందు బిగిన్‌ఇన్‌వోక్ చెయ్యాలె.

"సరుకు దొరకలేదు" అని మెసేజ్‌బాక్స్ పెట్టినవా? పెడితే తీసెయ్. కౌంటర్ మీద స్క్రీన్ చూడకుండ వరుసగ స్కాన్ కొడ్తరు. మొదటి దానికి మెసేజ్‌బాక్స్ వస్తది, రెండో స్కాన్ చివర ఎంటర్ దాన్ని మూసేస్తది. రెండు సరుకులు పోతయి, ఎవరికీ తెల్వదు. బాక్స్ పక్కన ఎర్ర లేబుల్, గట్టి చప్పుడు చాలు.

టెస్ట్‌కు స్కానర్ చేతిల లేకుంటే 8901234567890 కొట్టు. 890 మన దేశం ముందంకె, చివరి చెక్ అంకె కూడ సరిపోతది: బేసి స్థానాల మొత్తం 28, సరి స్థానాల మొత్తం 34ను మూడుతోని గుణిస్తే 102, కలిపితే 130, కాబట్టి చెక్ అంకె 0.

బేగంబజార్_బిల్లు

యాక్సెప్ట్‌బటన్ తీసేశాను, కీడౌన్ వచ్చింది. గ్రిడ్ కూడా పక్క గడికి పోతోంది. పేర్ల ఫిల్టర్ తీసేసి వ్యాలిడేటింగ్‌కు మార్చాను. భాష సంగతి సీటీసీ అన్న చెప్పినట్టే, అక్షరాలున్న కోడ్‌లే పాడవుతున్నాయి.

ఇప్పుడు రెండు కొత్తవి. ప్రతి స్కాన్‌కూ విండోస్ "డింగ్" అంటోంది. కీడౌన్‌లో హ్యాండిల్డ్ ట్రూ పెట్టినా ఆగడం లేదు. సేవ్‌ను ఎఫ్9కి మార్చి ఫామ్ కీడౌన్‌లో రాశాను. కాసేపు నొక్కి పట్టుకుంటే ఒకే బిల్లు రెండు మూడుసార్లు సేవ్ అవుతోంది.

ఎంటర్‌ను కీఅప్‌లో పట్టుకుంటే డింగ్ గొడవ ఉండదని ఒకరు చెప్పారు, అలా చేయొచ్చా?

కీకోడ్_13

కీఅప్ వద్దండి. మెసేజ్‌బాక్స్‌ను ఎంటర్‌తో మూశారనుకోండి: నొక్కడం దానికి పోతుంది, వేలు లేపడం వెనక ఉన్న టెక్స్ట్‌బాక్స్‌కు పోతుంది. నొక్కని ఎంటర్‌కు మీ కోడ్ నడుస్తుంది. తెలుగు ఫొనెటిక్ కీబోర్డుతో మరో చిక్కు. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి వచ్చిన ఆ ఫొనెటిక్ కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్‌లా వట్టి లేఅవుట్ కాదు, మధ్యలో కూర్చుని ఇంగ్లిష్ అక్షరాల నుంచి తెలుగు మాట కూర్చే ఐఎంఈ. అది పట్టుకున్న కీ మీ కీడౌన్‌కు అసలు కోడ్‌తో రాదు, ప్రాసెస్‌కీ అనే 229గా వస్తుంది. మాట ఎంచుకోవడానికి కొట్టిన ఎంటర్‌ను కీడౌన్‌లో మీరు పొరపాటున కూడా ఎంటర్ అనుకోరు. కీఅప్‌లో మాత్రం 13గానే కనబడుతుంది, మాట పూర్తికాకుండానే తర్వాతి బాక్స్‌కు దూకుతారు.

డింగ్ ఎక్కడిదంటే: ఒక నొక్కుకు రెండు మెసేజ్‌లు ఉంటాయి, కీ నొక్కారని ఒకటి, దాని అక్షరం ఇదని ఇంకొకటి. ఒంటి వరస ఎడిట్ బాక్స్‌కు అక్షరం 13 వస్తే ఏం చేయాలో తెలియక డింగ్ అంటుంది. కీడౌన్‌లో హ్యాండిల్డ్ పెడితే మొదటిదే ఆగుతుంది. సప్రెస్‌కీప్రెస్ ట్రూ పెట్టండి, అది వరసలో ఉన్న అక్షరాన్ని కూడా తీసేస్తుంది. హ్యాండిల్డ్‌ను తనే ట్రూ చేస్తుంది. ఒక్క షరతు: ఆ తీసివేత మీ హ్యాండ్లర్ ముగిశాక జరుగుతుంది. హ్యాండ్లర్ మధ్యలో డైలాగ్ తెరిస్తే దాని మెసేజ్ లూప్ ఆ అక్షరాన్ని ముందే పంచేస్తుంది, డింగ్ మళ్లీ మోగుతుంది. డైలాగ్ తప్పదంటే బిగిన్‌ఇన్‌వోక్‌లో తెరవండి.

ఎఫ్9ను ఫామ్ కీడౌన్ నుంచి తీసి ఫామ్ ప్రాసెస్‌సీఎండీకీలో పెట్టండి. అక్కడైతే ఫోకస్ గ్రిడ్ గడిలో ఉన్నా మీకే ముందు దొరుకుతుంది. నొక్కి పట్టుకుంటే విండోస్ అదే కీని సెకనుకు సుమారు 30 సార్ల దాకా పంపగలదు. మొదటి నొక్కు ఏదో, తిరిగొచ్చినది ఏదో మెసేజ్ ఎల్‌పారమ్‌లో (మెసేజ్‌తో వచ్చే అదనపు వివరాల సంఖ్య) 30వ బిట్ చెబుతుంది: 0 అయితే కొత్త నొక్కు, 1 అయితే అప్పటికే నొక్కి ఉన్నది. 1 అయితే సేవ్ పిలవకుండా ట్రూ ఇచ్చేయండి. ఫాల్స్ ఇస్తే కీ కిందికి పోతుంది. సేవ్ అసింక్ (స్క్రీన్‌ను ఆపకుండా వెనక నడిచేది) అయితే ఈ బిట్ ఒక్కటే చాలదు, వేలు ఎత్తి మళ్లీ నొక్కే చురుకైనవాళ్లు కౌంటర్ మీదే ఉంటారు. "సేవ్ నడుస్తోంది" అని ఒక బూలియన్ పెట్టి, ఫైనల్లీలో దించండి.

పాత డాస్ బిల్లింగ్‌కు అలవాటుపడి ఎఫ్10 అడుగుతారేమో. అది సిస్టమ్ కీ, మెనూను లేపుతుంది. ప్రాసెస్‌సీఎండీకీలో ట్రూ ఇచ్చి అక్కడే ఆపాలి.

న్యూమ్‌ప్యాడ్ మర్చిపోవద్దు. పై వరస అంకెల కీకోడ్లు 48 నుంచి 57, న్యూమ్‌ప్యాడ్‌వి 96 నుంచి 105. కీడౌన్‌లో అంకెలు పోల్చే కోడ్ ఉంటే రెండూ చూడాలి. న్యూమ్‌ప్యాడ్ ఎంటర్‌కు మాత్రం వేరే కోడ్ లేదు, అదే 13. విడిగా గుర్తుపట్టాలంటే ఎల్‌పారమ్ 24వ బిట్ చూడండి.

గుణింతం

షార్ట్‌కట్ల మాట వచ్చింది కాబట్టి. బటన్ పేరులో ఆంపర్‌శాండ్ పెట్టి ఆల్ట్ ఎస్ లాంటివి ఇస్తే అవి అక్షరాన్ని చూస్తాయి, కీని కాదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే ఎస్ కీ మీద ఉన్నది ఏత్వం. ఆల్ట్ ఎస్ పలకదు. పేరు తెలుగులో రాసి తెలుగు అక్షరం ముందు ఆంపర్‌శాండ్ పెడితే ఇంగ్లిష్ ఆన్‌లో ఉన్నప్పుడు పలకదు. రెండు భాషలు మారుతుండే స్క్రీన్‌కు ఎఫ్ కీలే దిక్కు.

కంట్రోల్ ఆల్ట్‌తో అంకెలూ వద్దు. కుడి ఆల్ట్ అంటే విండోస్ లెక్కలో కంట్రోల్ ఆల్ట్‌తో సమానం, ఇంగ్లిష్ ఇండియా లేఅవుట్‌లో దానితో 4 నొక్కితే ₹ వస్తుంది. మీరు ఆ జంటను షార్ట్‌కట్‌గా తీసుకుంటే బిల్లులో రూపాయి గుర్తు టైప్ చేయలేరు.

జామల్_చాయ్

డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ స్క్రీన్లకు మరో మైక్రోసాఫ్ట్ లైబ్రరీ) ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు నాలుగు ముక్కలు. అక్షరాల ఫిల్టర్‌కు ప్రివ్యూటెక్స్ట్‌ఇన్‌పుట్ వాడతాం గానీ టెక్స్ట్‌బాక్స్‌లో స్పేస్‌కు అది రాదు, స్పేస్‌ను ప్రివ్యూకీడౌన్‌లో విడిగా ఆపాలి. పేస్ట్‌కు డేటాఆబ్జెక్ట్ యాడ్‌పేస్టింగ్‌హ్యాండ్లర్. ఆల్ట్‌తో నొక్కిన కీ, ఎఫ్10 కీ ప్రాపర్టీలో సిస్టమ్ అని వస్తాయి, అసలు కీ సిస్టమ్‌కీలో ఉంటుంది. ఫొనెటిక్‌తో టైప్ చేస్తుంటే ఐఎంఈప్రాసెస్డ్ అని వస్తుంది. నొక్కి పట్టుకోవడానికి బిట్లు చూడక్కర్లేదు, ఈజ్‌రిపీట్ ఉంది.

బేగంబజార్_బిల్లు

సప్రెస్‌కీప్రెస్‌తో డింగ్ పోయింది, 30వ బిట్ చూశాక ఎఫ్9 ఒక్కసారే సేవ్ చేస్తోంది. స్కానర్‌ను కామ్ మోడ్‌కు మార్చబోతున్నాను. సీటీసీ అన్నా, కీబోర్డ్ మోడ్‌లోనే ఉంచి రా ఇన్‌పుట్‌తో ఏ పరికరం నుంచి వచ్చిందో కనిపెట్టే దారి ఉందంటారు, అది మేలా?

సీటీసీ_స్కానర్

కనిపెట్టొచ్చు, ఆపుడే కష్టం. డబ్ల్యూఎం ఇన్‌పుట్ అనే రా ఇన్‌పుట్ మెసేజ్‌ల పరికరం ఎవరో తెలుస్తది గానీ మామూలు కీ మెసేజ్ కూడ దాని తోవల అది బాక్స్‌ల పడ్తనే ఉంటది. మామూలు కీ మెసేజ్‌లను ఆపే నోలెగసీ ఫ్లాగ్ పెడితే నీ ప్రోగ్రామ్‌ల అసలు కీబోర్డు కూడ బందైతది. స్కానర్‌ల కామ్ మోడ్ లేనప్పుడే దాని జోలికి పో. కామ్‌కు మార్చినంక పోర్ట్ నంబర్ కోడ్‌ల గట్టిగ రాయకు. కేబుల్ ఇంకో యూఎస్‌బీ రంధ్రంల పెడితే కామ్ 3 కాస్త కామ్ 5 అయితది. సెట్టింగ్స్‌ల ఎంచుకునేటట్టు పెట్టు, స్కానర్ ఊడిపోతే బార్‌కోడ్ బాక్స్‌ల చేతితోని కొట్టే దారి అట్లనే ఉంచు.